మోటారు కాలింది, డబ్బు లేదు: గ్రాంటా, చందానా, ఓడీనా – ఏది మేలు?

చిత్తూరు పక్కన ఒక చిన్న హాస్టలు ఉందనుకుందాం. నలభై మంది పిల్లలు. ఏప్రిల్లో బోరు మోటారు కాలిపోయింది. కొత్త మోటారు, కేబులు, పైపులు పైకి తీసి దింపే కూలీ అన్నీ కలిపి 95,000 రూపాయలని మెకానిక్ అంచనా రాసిచ్చాడు. సంస్థ ఖాతాలో వాడుకోదగ్గది 25,000. ఇంకా 70,000 కావాలి. దీన్ని గ్రాంటుగానో, చందాలుగానో, ఓడీగానో (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద తీసుకునే అప్పు) తెచ్చుకోవాలి. ఈలోగా రోజుకు రెండు ట్యాంకర్లు, ఒక్కోటి 900. నెల ఆగితే నీళ్లకే 54,000 పోతాయి. నలభై రోజులు ఆగితే ట్యాంకర్ల ఖర్చు కావలసిన గ్రాంటునే దాటేస్తుంది. ఎవరిని అడగాలో చూసుకునేటప్పుడు ఈ రోజువారీ నష్టాన్ని పక్కనే రాసి పెట్టుకోండి.

ఇప్పటికే గ్రాంటు ఇస్తున్నవాళ్లెవరైనా ఉంటే మొదటి ఫోన్ వాళ్లకే. కొత్త డబ్బు అడగక్కర్లేదు. శిక్షణ పద్దులో మిగిలిందాన్ని మోటారుకు మార్చుకోనివ్వమని అడిగితే చాలు. అన్నిట్లోకీ తొందరగా తేలేది ఇదే. కానీ ఫోన్లో “సరే, కానివ్వండి” అన్న మాట ఆడిట్లో నిలవదు. మెయిల్ ఉండాలి, అది ఖర్చు తేదీకన్నా ముందుది కావాలి. డబ్బు విదేశీ గ్రాంటుదైతే ఇంకో జాగ్రత్త: విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ తర్వాత దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. పక్క సంస్థవాళ్లు ఎంత ఇబ్బందిలో ఉన్నా అందులోంచి సర్దొద్దు.

ఫౌండేషన్లు ఇచ్చే అత్యవసర గ్రాంటు తిరిగి కట్టక్కర్లేని డబ్బు, అదే దాని గొప్ప. చిక్కంతా షరతుల్లో ఉంది. ఖర్చు హఠాత్తుగా వచ్చినదై ఉండాలి, ఒక్కసారితో తీరిపోవాలి, అది లేకపోతే సేవ ఆగిపోతుందని చూపించగలగాలి. లో వోల్టేజీకి కాలిన మోటారు ఇందులోకి వస్తుంది. మూడు నెలల జీతాల బకాయి రాదు, ఏళ్ల తరబడి కారుతున్న స్లాబు అసలే రాదు. పైగా చాలామంది అయిపోయిన ఖర్చుకు ఇవ్వరు. ఇచ్చేది ఇంకో ట్రస్టయితే, ఇచ్చినదాంట్లో 85 శాతమే ఆదాయపు పన్ను లెక్కలో తన ఖర్చుగా చూపించుకోగలదు కాబట్టి కాస్త వెనకాడుతుంది. ఊరంతా మునిగినప్పుడు పోటీ ఇంకా ఎక్కువ. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట తెగుతుందన్న భయంతో ఊళ్లు ఖాళీ చేయించిన రోజుల్లాంటి వాటిలో దాతల చూపు బియ్యం, దుప్పట్ల మీదుంటుంది. కూలిన మీ ప్రహరీ గోడ వాళ్ల లెక్కలోకి రాదు.

కంపెనీల సీఎస్ఆర్ డబ్బును (లాభాల్లోంచి సామాజిక సేవకు ఖర్చుపెట్టేది) అత్యవసరానికి నమ్ముకోకండి. శ్రీసిటీలో, రేణిగుంటలో ఫ్యాక్టరీలున్నాయి, స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కంపెనీల చట్టమూ చెబుతోంది. అయినా ఆ డబ్బు తీసుకునే సంస్థ చేయించుకోవాల్సిన సీఎస్ఆర్-1 నమోదు, మూడేళ్ల పని అనుభవం, కమిటీ ఆమోదం ఇవన్నీ దాటి చెక్కు వచ్చేసరికి మళ్లీ వానాకాలం వస్తుంది. కొత్త వ్యానుకో, అదనపు గదికో ఆ తలుపు తట్టండి.

ఇక చందాలు. తిరుపతి దగ్గరుండి డబ్బుకు కొదవేమిటని బయటివాళ్లు అంటుంటారు. టీటీడీ ట్రస్టులకు వచ్చే విరాళాలు ఆ ట్రస్టుల పనులకే, మన హాస్టలుకు రావు. మన దాతలు వేరే: పుట్టినరోజుకో, పెద్దల తిథికో ఒక పూట భోజనం పెట్టించేవాళ్లు. వాళ్లు అన్నానికి ఇచ్చినంత సులువుగా మోటారుకు ఇవ్వరు. ఈ నెల భోజనం డబ్బు నీళ్లకు వాడుకోవచ్చా అని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. అడగకుండా మాత్రం మార్చొద్దు. ఒప్పుకుంటే రసీదు మీద “బోరు మోటారు నిమిత్తం” అని రాయండి. నగదు 2,000 దాటితే దాతకు 80జీ కింద ఆదాయపు పన్ను మినహాయింపు రాదని ముందే చెప్పండి, పాన్ నంబరు అప్పుడే తీసుకోండి. ఆన్‌లైన్ విరాళాల వేదికలు పిల్లవాడి ఆపరేషన్‌కు పనికొచ్చినట్టు మోటారుకు పనికిరావు.

అమెరికాలో ఉన్న మన ఊరివాళ్లు పంపుతామంటే ముందు పాస్‌పోర్టు సంగతి అడగండి. భారత పాస్‌పోర్టు ఉండి, సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లదైతే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. మొహమాటపడితే మునిగేది సంస్థే.

ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్న సంస్థకు మాత్రం మా ఓటు ఓడీకే. 9 శాతం వడ్డీ అనుకున్నా 70,000కు రెండు నెలలకు వెయ్యి రూపాయల పైచిలుకు. అది ఒక్కరోజు ట్యాంకర్ల ఖర్చుకన్నా తక్కువ. అప్పు తీసుకునే అధికారం బైలాలో (సంస్థ నియమావళిలో) ఉందో లేదో చూసి, కమిటీ తీర్మానం రాసుకుని వెళ్లండి. డిపాజిట్ లేకపోతే కమిటీ సభ్యుల దగ్గర వడ్డీ లేని చేబదులు తీసుకోవచ్చు. 20,000 గానీ అంతకు మించి గానీ అయితే తీసుకోవడం, తీర్చడం రెండూ బ్యాంకు ద్వారానే జరగాలి. తీర్చే దారి కనబడకపోతే మాత్రం అప్పు జోలికి పోవద్దు. జీతాల కోసం తీసుకున్న ఓడీ వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటుంది.

ఓడీనీ గ్రాంటునూ కలపొచ్చు, వరస తప్పకపోతే. మోటారు కొనకముందే ఫౌండేషన్‌కు ఇలా రాయండి:

“ఏప్రిల్ 14 రాత్రి మా హాస్టల్ బోరు మోటారు కాలిపోయింది. 40 మంది పిల్లలకు ట్యాంకర్లతో నీళ్లు తెప్పిస్తున్నాం, రోజుకు 1,800 రూపాయలు. కొత్తదానికి 95,000 అవుతుంది, కొటేషన్లు జతచేశాం. మా వంతు 25,000. కోరేది 70,000. 22వ తేదీలోగా బిగించాలి. ఆలోగా మంజూరు కాకపోతే ఓడీ తీసి పని చేయిస్తాం. ఆ అప్పును మీ గ్రాంటుతో తీర్చుకోవడానికి అనుమతి కోరుతున్నాం.”

దీనికి రెండు కొటేషన్లు, తేదీ వేసిన తీర్మానం, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన 12ఏబీ, 80జీ పత్రాలు, దర్పణ్ నంబరు (స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు సంఖ్య), క్యాన్సిల్ చేసిన చెక్కు జతచేయండి. తిరస్కరణకు కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది: 80జీ గడువు దాటిపోయి ఉంటుంది, లేదా బ్యాంకు ఖాతాలో పేరు ఒకలా, సొసైటీ రిజిస్ట్రేషన్‌లో ఇంకోలా ఉంటుంది.

కాలిన మోటారును అమ్మేలోపు, నేమ్‌ప్లేటు మీద సీరియల్ నంబరు కనబడేలా ఫొటో తీయండి. వైండింగులోని రాగికి పాత సామాను షాపులో డబ్బిస్తారు. ఆ మొత్తానికీ రసీదు రాసి ఖాతాలో వేయండి. పాత మోటారు ఏమైందని ఆడిటరు తప్పకుండా అడుగుతాడు.