ఆరేళ్లు వాడాక నా ఇంపాక్ట్ డ్రైవర్ గురించి, ముఖ్యంగా లాక్‌టైట్ పెట్టిన డిస్క్ బోల్టుల దగ్గర

2019లో రాణిగంజ్‌లో ఆరొందలకి కొన్న ఇంపాక్ట్ డ్రైవర్ ఇది, కరెంట్‌ది కాదు, సుత్తితో కొట్టి బిగుసుకున్న స్క్రూలు విప్పేది. కంపెనీ పేరు డబ్బా మీద ఉండేది, డబ్బా ఎప్పుడో పోయింది.

కొన్నది మా నాన్న ఆర్‌ఎక్స్ 100 కోసం. ఆ క్లచ్ కవర్ స్క్రూలు విప్పినవాళ్లకి తెలుసు బాధ, మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి ఎంత నొక్కినా పైకి జారి హెడ్ అరిగిపోద్ది, రెండిటికైతే ఎవరో మెకానిక్ ఉలి పెట్టి కొట్టిన గాట్లు కూడా ఉన్నాయి. దీంతో రెండు దెబ్బలు, టక్కున వదిలింది. దెబ్బ పడినప్పుడే బిట్‌ని, అంటే ముందు తగిలించే మొనని, లోపలికి నొక్కుతూ తిప్పుద్ది కాబట్టి జారదు, ఈ ఒక్క పని కోసమే నేను దీన్ని నెత్తిన పెట్టుకున్నా. కనపడినవాళ్లందరికీ కొనండి కొనండి అని చెప్పా.

ఆ మాట ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి.

పోయిన ఎండాకాలం నా బండి వెనక డిస్క్ బ్రేక్ ప్లేట్ అరిగిపోతే మార్చుదామని కూర్చున్నా. ఐదు ఎలన్ బోల్టులు (హెడ్‌లో ఆరు పలకల గుంట ఉండేవి), కంపెనీలోనే లాక్‌టైట్, అంటే బోల్టులు వదులవకుండా మరలకి పూసే జిగురు, పెట్టి బిగించినవి. ముందురోజు రాత్రి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేశా, అదో తెలివితక్కువ పని, అక్కడ తుప్పుంటేగా! లాక్‌టైట్ అంటే మరల మధ్య గాలి తగలకుండా గట్టిపడిపోయిన ప్లాస్టిక్ లాంటిది, స్ప్రే దాన్నేం చేయలేదు. అయినా రెండు బోల్టులు సుత్తి దెబ్బలకే వచ్చేశాయి, నేను మీసం మెలేశా. మూడోదానికి ఆరో దెబ్బకో ఏడో దెబ్బకో డబ్బాతో పాటు వచ్చిన ఎలన్ బిట్ పటుక్కున విరిగి సగం ముక్క బోల్ట్ హెడ్‌లోనే ఉండిపోయింది. బిట్లు అంత నాసిరకం అని ఆరేళ్లలో నాకు తెలీలేదు, ఎందుకంటే స్టార్ బిట్ తప్ప వేరేది వాడిందే లేదు.

చక్రం ఆటోలో వేసుకుని లేత్ షాపుకి పోయా. అక్కడ పెద్దాయన చూసి అడిగిన మొదటి మాట, "సెగ పెట్టావా బాబూ?" లేదన్నా. "టైరు మీద పడుకోబెట్టి కొట్టావా?" అవునన్నా. ఇక తిట్టు ఒక్కటే తక్కువ. టైరు స్ప్రింగ్ లాగా ఎగురుద్ది, సగం దెబ్బ అదే మింగేస్తది, హబ్ కింద చెక్క పెట్టి కొట్టాలంట. విరిగిన ముక్కని సూదితో కదిపి అయస్కాంతంతో లాగి, బేరింగ్ సీల్ మీద తడిగుడ్డ కప్పి, బోల్ట్ హెడ్ మీద మాత్రమే సన్న మంట పట్టాడు. అరిగిన హెడ్‌లోకి కొంచెం పెద్ద టార్క్స్ బిట్ (ఆరు మొనల నక్షత్రం ఆకారంది) కొట్టి దించి తిప్పితే మెల్లగా కదిలింది. చివరి మర దాకా బిగుతుగానే, కీచుమంటూ వచ్చింది, లాక్‌టైట్ బోల్ట్ అంతేనట, తుప్పు బోల్ట్‌లా ఒకసారి వదిలాక వేలితో తిరగదు. మిగతా రెండిటికీ సెగ పెట్టి ఎలన్ కీ నా చేతికిచ్చాడు, "వేడి మీదే తిప్పు". ఎల్ ఆకారం కీ, సుత్తి లేదు ఏం లేదు, వచ్చేశాయి! రెండొందలు తీసుకున్నాడు, నాకైతే రెండువేలిచ్చినా తక్కువే అనిపించింది.

తర్వాత చదివితే లాక్‌టైట్‌లో ఎర్ర రకం, 271 లాంటిది, వదలాలంటే 250 డిగ్రీల దాకా వేడి కావాలంట. నీలం 243 అయితే మామూలు పానాకే వస్తది, కొత్త బోల్టులకి మరలు శుభ్రం చేసి అదే ఒక చుక్క పెట్టా. ఇప్పుడొక హీట్ గన్ (వేడిగాలి ఊదేది) కూడా కొన్నా, మంట కంటే నిదానం కానీ ఇంట్లో అదే నయం. ఒక్కటి, బ్రేక్ క్లీనర్ (బ్రేకులు శుభ్రం చేసే స్ప్రే) కొట్టి తడి ఆరకుండా వేడి పెట్టొద్దు, మంట అంటుకోవచ్చు, కొన్ని రకాల నుంచి విషవాయువు కూడా వస్తది.

మరి ఇంపాక్ట్ డ్రైవర్ కొనాలా అంటే, ఆర్‌ఎక్స్ 100 లాంటి పాత జపాన్ డిజైన్ బండి ఉంటే కళ్లు మూసుకుని కొనండి, బిట్లు మాత్రం విడిగా మంచివి తీసుకోండి. డిస్క్ బోల్టుల కోసమే అయితే నేనైతే ముందు హీట్ గన్ కొంటా. నేను ఇంపాక్ట్ డ్రైవర్‌ని ఏడాదికి ఐదారుసార్లు వాడతానంతే, రోజూ వాడే మెకానిక్ లెక్క వేరే ఉండొచ్చు. పైగా మాది అపార్ట్‌మెంట్, సెల్లార్‌లో నాలుగు దెబ్బలు వేసేసరికి వాచ్‌మన్ వచ్చి నిలబడతాడు, హీట్ గన్‌కి ఆ గొడవ లేదు.