ఎనిమిది ముక్కల మెదడు బొమ్మ: మాట గురించి చెప్పడానికి భేష్, జ్ఞాపకం దగ్గర ఫెయిల్

నర్సింగ్ పిల్లలకి, బీఈడీలో సైకాలజీకి ఈ బొమ్మ పనికొస్తుందా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో ల్యాబ్ సామాన్లు అమ్మే షాపులో కొన్నాం. 2,200 చెప్పారు, బేరమాడితే 1,900కి దిగారు. బిల్లు ఇస్తారు. బండి పెట్టుకోవడానికి మాత్రం అక్కడ చోటు దొరకదు, బందరు కాలవ దాకా వెళ్లి పెట్టుకుని నడిచి రావాల్సిందే.

బొమ్మ దాదాపు అసలు మెదడు సైజులోనే ఉంది, ముక్కలన్నీ పిన్నులతో ఒకదానికొకటి తగులుకుంటాయి. చిన్న మెదడు ముక్క ఒక్కటే సరిగ్గా నిలవదు, ఎంత నొక్కినా ఒక పక్కకి వాలిపోతుంది. స్పిరిట్‌తో తుడవకండి, రంగు దూదికి అంటుకుని వచ్చేస్తుంది, తడిగుడ్డ చాలు.

బయటి వైపు పనితనానికి మాత్రం వంక పెట్టలేం. ఫ్రంటల్ లోబ్ (నుదుటి వెనక భాగం) నీలం, పారైటల్ (నడినెత్తి కింద) పసుపు, టెంపొరల్ (చెవి పక్కన) ఆకుపచ్చ, ఆక్సిపిటల్ (తల వెనక) ఎరుపు, మడతలు కూడా పైపైన గీతలు గీసినట్టు కాకుండా లోతుగా చెక్కారు. కళ్లు మూసుకుని వేలితో తడిమినా మధ్య గాడి తెలుస్తుంది. దానికి ముందున్న మడత కాళ్లూ చేతులూ కదిలించేది, వెనకున్నది స్పర్శ తెలిసేది అని ఒకసారి వేలు పెట్టించి చెబితే పిల్లలు ఇక మర్చిపోరు. ఎడమ వైపు ఫ్రంటల్ లోబ్‌లో కింది భాగాన, మాట పలికించే బ్రోకా ప్రాంతానికి విడిగా నంబర్ కూడా వేశారు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు చూసిన పేషెంటు ఏమడిగినా 'ట్యాన్' అనేవాడు తప్ప ఇంకో మాట దాదాపు రాలేదు, చనిపోయాక చూస్తే ఆ చోటే దెబ్బతిని ఉంది. గుంటూరు జనరల్ ఆస్పత్రిలో పోస్టింగ్ చేసిన పిల్లలు ఇలాంటివి చూసే ఉంటారు, పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయిన మనిషికి చాలాసార్లు మాట కూడా పడిపోతుంది. ఎందుకంటే కుడి పక్కని నడిపేది ఎడమ మెదడు, ఎక్కువమందికి మాట ఉండేదీ అటే, రెండింటికీ రక్తం ఇచ్చే పెద్ద నాళం ఒకటే. ఇదంతా బొమ్మ మీద వేలు పెట్టి చూపిస్తే అయిదు నిమిషాల పని. ఇంతవరకు పెట్టిన డబ్బులు గిట్టినట్టే.

అసలు గొడవ పెట్టెలో ఇచ్చిన చార్టుతో. నుదుటి దగ్గర 'బిహేవియర్' అని, చెవి పక్కన ఆకుపచ్చ మీద 'మెమరీ' అని పెద్ద అక్షరాలతో అచ్చేశారు, జ్ఞాపకాలన్నీ అక్కడే అరలో పెట్టి ఉన్నాయన్నట్టు. ఇదేంటి అని షాపులో అడిగితే అక్కడి కుర్రాడు, "మేడమ్, మెమరీ ఎక్కువ కావాలంటే పెద్ద సైజు తీసుకోండి" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

'బిహేవియర్' వరకూ పోనీ అనుకోవచ్చు. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైల్వే పని చేయించే ఫినియాస్ గేజ్ ఎడమ చెంప కింద నుంచి ఇనప కడ్డీ దూసుకుని నడినెత్తి మీదుగా బయటికొచ్చింది, మనిషి బతికాడు గానీ మునుపటి గేజ్ కాదని తెలిసినవాళ్లు అన్నారు. బొమ్మలో నీలం ముక్క ఊడదీసి పెన్సిల్‌తో ఆ దారి చూపించవచ్చు. అయితే అతను ఆ తర్వాత చిలీలో గుర్రబ్బండ్లు నడిపి బతికాడు, కాబట్టి జన్మంతా దారితప్పి తిరిగాడని కొందరు చెప్పేది అతిశయోక్తే, పిల్లలకి ఆ సగం కూడా చెప్పండి.

జ్ఞాపకం దగ్గరకొచ్చేసరికి ఈ బొమ్మ చేతులెత్తేస్తుంది. కొత్త సంగతులు మనసులో నిలవడానికి ముఖ్యమైనది హిప్పోకాంపస్, అది టెంపొరల్ లోబ్ లోపలి వైపు ఉంటుంది, నాలుగైదు సెంటీమీటర్ల పొడవు. బొమ్మని రెండుగా విడదీసి చూస్తే ఆ చోట రంగు కూడా వెయ్యని చిన్న ఉబ్బు తప్ప ఏమీ లేదు. దాని ముందు బాదంపప్పంత ఉండాల్సిన, భయం పుట్టించడంలో ముఖ్యమైన అమిగ్డలా అసలే లేదు, మరి భయం గురించి ఏం చూపించి చెప్పాలి?

హెన్రీ మొలైసన్ కథ చెప్పకుండా ఈ పాఠం అవదు. ఫిట్స్ తగ్గడం కోసం 1953లో స్కోవిల్ అనే సర్జన్ అతనికి రెండు వైపులా ఆ లోపలి భాగాన్నే, అంటే హిప్పోకాంపస్‌లో ముందు భాగాన్ని, తీసేశారు. ఫిట్స్ తగ్గాయి, తెలివితేటలు అలాగే ఉన్నాయి, చిన్నప్పటి సంగతులు చెప్పేవాడు, కానీ ఇప్పుడే పరిచయమైన మనిషి బయటికి వెళ్లి వస్తే కొత్తగా పలకరించేవాడు. విచిత్రం ఏంటంటే, బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్టు అతనితో అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయిస్తే రోజురోజుకీ బాగా గీశాడు, అంతకుముందు గీసిన గుర్తు మాత్రం లేదు! అంటే చేతికి అలవాటయ్యే పనిని దాచేది వేరే చోటు. చిన్న మెదడు, లోపలి బేసల్ గాంగ్లియా అందులో పాలుపంచుకుంటాయి, ఈ బొమ్మలో ఆ రెండోది మొత్తం కలిపి ఒక బూడిద రంగు ముద్ద. మతిమరుపు జబ్బు ఆల్జీమర్స్ మొదట్లోనే దెబ్బతినే వాటిలో హిప్పోకాంపస్ ఒకటి, అందుకే మామ్మగారికి తన పెళ్లి ఊరేగింపు గుర్తుంటుంది గానీ పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు. అలాంటి పేషెంట్లని చూసుకోబోయే పిల్లలకి ఆ చార్టు చూపిస్తే ఏం ఉపయోగం?

మేము చార్టు మీద 'మెమరీ' అన్న చోట స్టిక్కర్ అంటించేసి, పిల్లలాడుకునే ఎర్ర క్లేతో హిప్పోకాంపస్ చేసి ఆ ఉబ్బు మీద అతికించుకున్నాం, వంకరగా ఉన్నా పని నడుస్తోంది.

నా రేటింగ్ అయిదుకి మూడు. బీఈడీకి, ఇంటర్‌కి అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ వాళ్లు మాత్రం డబ్బులిచ్చే ముందు కౌంటర్ మీదే బొమ్మని విడదీయించి టెంపొరల్ లోబ్ లోపలి వైపు చూడండి, మొదట కాదంటారు, గట్టిగా అడిగితే తీస్తారు. బిల్లు వేశాక వెనక్కి తీసుకోరు, మార్చి కూడా ఇవ్వరు.