తరగతి గదిలో ‘వాల్-ఈ’: గుంటూరు టీచర్లకు
పిక్సార్ 2008లో తీసిన ‘వాల్-ఈ’ ఓ యానిమేషన్ సినిమా: మనుషులు చెత్తతో నిండిన భూమిని వదిలి అంతరిక్ష ఓడలో బతుకుతుంటారు, భూమ్మీద చెత్త ఎత్తే రోబోయే వాల్-ఈ. ఇందులో మొదటి అరగంట మాటలు దాదాపు ఉండవు. అందుకే మన తెలుగు మీడియం పిల్లలకూ ఇట్టే ఎక్కుతుంది. అసలు సరుకంతా ఆ ఓడ కెప్టెన్ల ఫొటోల దగ్గరుంది: ఫొటో ఫొటోకీ కెప్టెన్ లావెక్కుతుంటాడు, వెనకున్న ఆటోపైలట్ (ఓడను నడిపే రోబో) దగ్గరికి జరుగుతుంటుంది. అక్కడ ఆపి, ‘ఏం మారింది?’ అని అడగండి. జవాబు మీరే చెప్పేస్తే పాఠం పోయినట్టే! కళ్లముందు తెర ఆరిపోయాక గానీ ఓడలో ఉండే మేరీకి ఈతకొలను కనబడదు, ఆ ఘట్టం వదలొద్దు.

సినిమా గంటన్నర పైనే; మూడు పీరియడ్లకు పంచండి. గుంటూరు ఎండకి ప్రొజెక్టర్ బొమ్మ వెలిసిపోతుంది, కిటికీలకు దుప్పట్లు కట్టాలి.

సినిమా చివర్లో మనుషులు భూమికి తిరిగొచ్చాక అంతా సులువుగా చక్కబడటమే నచ్చలేదు. హైస్కూలు పిల్లలతో దానిమీదే వాదన పెట్టించొచ్చు.