వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకు: విమానమా, పడవా?

స్కాట్లండ్‌కు ఉత్తరాన, ఓర్క్‌నీ దీవుల్లోని వెస్ట్రే, పాపా వెస్ట్రే విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 2.7 కిలోమీటర్లే. 1967లో లోగన్‌ఎయిర్ అనే విమానయాన సంస్థ వీటి మధ్య ప్రారంభించిన విమాన సర్వీసుకు టైంటేబుల్లో చూపే సమయం రెండు నిమిషాలు కాగా, 53 సెకన్లలోనే గమ్యం చేరిన రికార్డు కూడా ఉంది. సీటు బెల్టు సర్దుకునేలోపే ప్రయాణం ముగుస్తుందంటే పెద్ద అతిశయోక్తి కాదు. చిన్న ఐలాండర్ విమానంలో పైలట్ పక్క సీటులోనూ ప్రయాణికులు కూర్చుంటారు కనుక, రన్‌వే ఎదురొచ్చినట్టు దగ్గరవడం అక్కడి నుంచి కళ్లారా చూడవచ్చు.

వెస్ట్రేలోని పియరోవాల్ రేవు నుంచి పాపా వెస్ట్రేకు వెళ్లే పడవకు దాదాపు 25 నిమిషాలు పడుతుంది. తీరాలను తీరిగ్గా చూడదలచినవారికి పడవే మేలని నా అభిప్రాయం. సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజున మాత్రం, పొగమంచు లేకపోతే, విమానమే నయం.