రథాల పందెం ఆటల్లో ఏది మేలు? ఆవే సీజర్, సర్కస్ మాక్సిమస్, క్వాడ్రిగా

మూడో చుట్టు. మలుపులో దారి సన్నబడి ఒక్క రథం పట్టేంత సందు మిగిలింది. ఆ సందులో మా పిన్ని కొడుకు రథం ఉంది, దాని వెనక ఒక్క గడి వదిలి నాది. నా చేతిలో ఉన్న కార్డులు నాలుగు, ఐదు, ఆరు. ఒకటి ఉంటే ఆ ఖాళీ గడిలోకి జరిగేవాణ్ణి. లేదు కాబట్టి పాస్. వాడు నిదానంగా ఒకటి వేసి మళ్ళీ సందులోనే ఆగాడు. నేను మళ్ళీ పాస్. నేను కదిలేసరికి వాడు గీత దాటేశాడు.

అది ఆవే సీజర్, బల్ల మీద కార్డులతో ఆడే రథాల పందెం. అరగంటలో అయిపోయింది, అందరూ ఎంతో సరదా పడ్డారు, భోజనాలకు లేచారు. నాకు మాత్రం ఒక వెలితి మిగిలిపోయింది. ఓడిపోయాను సరే, పోగొట్టుకున్నదేమిటి? నా గుర్రాలు అలిసిపోలేదు, నా సారథికి దెబ్బ తగల్లేదు, నా ఖజానాలో చిల్లిగవ్వ తగ్గలేదు. కార్డులు మళ్ళీ కలిపితే అందరం సమానమే.

రథాల జట్టును నడిపే ఆట కావాలనుకున్నప్పుడు నేను మొదట చూసేది ఇదే: ఇవాళ తగిలిన దెబ్బ రేపటి పందెం దాకా వెంట వస్తుందా, రాదా? ఈ మూడు ఆటల్నీ నేను ఆ ఒక్క ప్రశ్నతోనే తూచాను.

ఈ ప్రశ్న నా సొంత పట్టుదల కాదు, రోమ్‌లో పందేలు నడిచిన తీరే అది. రోమ్ నగరంలోని సర్కస్ మాక్సిమస్ మైదానం (ఆటకు పేరు దీని నుంచే) పొడవు 600 మీటర్ల పైమాటే. పన్నెండు ద్వారాల నుంచి రథాలు ఒక్కసారే బయటికి దూకేవి. ఏడు చుట్లు తిరగాలి, ఎప్పుడూ ఎడమకే మలుపు. ఎరుపు, తెలుపు, నీలం, ఆకుపచ్చ అని నాలుగు రంగుల జట్లు. గుర్రాలు, శాలలు, సారథులు, పనివాళ్ళు అంతా ఆ జట్ల చేతి కింద నడిచేది. జనం కూడా సారథి కన్నా రంగునే ఎక్కువ పట్టుకుని వేలాడేవాళ్ళు. తర్వాత కాన్‌స్టాంటినోపుల్‌లో (ఇప్పటి ఇస్తాంబుల్) ఆ రంగుల పిచ్చి క్రీ.శ. 532లో నికా అల్లర్ల దాకా వెళ్ళి నగరంలో సగాన్ని తగలబెట్టింది.

అంతకు ముందెప్పుడో రోమ్‌లో ఆ జట్లకు రథం తోలిన సారథి గయస్ అప్పూలియస్ డయోక్లీస్. లూసిటానియా (ఇప్పటి పోర్చుగల్ వైపు) నుంచి వచ్చాడు. మొదట తెలుపుకి, తర్వాత ఆకుపచ్చకి, చివరికి ఎరుపుకి తోలాడు. 24 ఏళ్ళలో 4,257 పందేలు తోలి 1,462 గెలిచాడు. ఆ లెక్కలు రాతి మీద చెక్కారు. ఆ శాసనంలో నన్ను కట్టిపడేసింది మొత్తం గెలుపుల సంఖ్య కాదు, దాన్ని విడగొట్టిన తీరు. మొదటి నుంచీ ముందుండి గెలిచినవి 815. వెనకే ఉండి ఆఖర్లో లాక్కున్నవి 502. వెనకబడి, తర్వాత అందుకుని గెలిచినవి 67 మాత్రమే. తొమ్మిది గుర్రాల్ని వంద గెలుపుల గుర్రాలుగా, ఒకదాన్ని రెండువందల గెలుపుల గుర్రంగా తయారుచేశాడని కూడా అందులోనే ఉంది. ఎంత బాగా తోలాడన్నదే కాదు, ఏ గుర్రాన్ని ఎంతకాలం నిలబెట్టుకున్నాడన్నదీ లెక్కలోకి వచ్చింది. జట్టు నడపడం అంటే నాకు అర్థమైంది ఆ రాయి వల్లే.

ఇక ఆటల సంగతి.

ఆవే సీజర్ వోల్ఫ్‌గాంగ్ రీడెసర్ తయారుచేసిన జర్మన్ ఆట, 1989లో వచ్చింది. ఒక్కొక్కరికి 24 కార్డులు, మీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు. చేతిలో ఎప్పుడూ మూడే. ఏ అంకె వేస్తే కచ్చితంగా అన్ని గళ్ళు నడవాలి. అందరికన్నా ముందున్నవాడు ఆరు వేయకూడదు. మూడో చుట్టు మొదలవకముందే ఒకసారి పక్కసందులోకి మళ్ళి, చక్రవర్తి ముందు నిలిచి, "ఆవే సీజర్" అని పైకి అనాలి. అనకపోతే పందెం పోయినట్టే. బయటి దారి పట్టి చుట్టూ తిరుగుతూ పోతే గీత చేరకముందే కార్డులు అయిపోతాయి. పిల్లలకు ఈ ఒక్క సంగతి అర్థమైతే చాలు, రెండో పందెం నుంచే లోపలి దారి కోసం కొట్టుకుంటారు. చిన్న పెట్టెలో ఇంత మంచి లెక్క పెట్టడం గొప్ప పని. కానీ ఇందులో జట్టు లేదు. పోయిన పందెం ఈ పందేనికి ఏమీ మిగల్చదు. నా ప్రశ్నకు జవాబు: రాదు.

మాట్ లీకాక్ చేసిన చారియట్ రేస్ (2016) కూడా ఈ కోవదే. కార్డుల బదులు పాచికలు, మూడు చుట్ల బదులు రెండు. ఆడుతున్నంతసేపూ బాగుంటుంది, పెట్టెలో పెట్టాక ఏమీ మిగలదు.

సర్కస్ మాక్సిమస్ ఆట వేరే జాతి. 1979లో మొదట వచ్చి, మరుసటి ఏడు అవలాన్ హిల్ అనే ఆటల కంపెనీ పెట్టెలో పేరు తెచ్చుకుంది. ఈ ఆట బల్ల మీద సగం ఆడితే, మిగతా సగం పెన్సిలుతో కాగితం మీద ఆడతాం. మన రథం ఎంత వేగంతో ఉంది, గుర్రాల ఓపిక ఎంత మిగిలింది, సారథికి ఎన్ని దెబ్బలు తగిలాయి, అన్నీ రాసుకుంటూ పోవాలి. చెర్నాకోలా ఝళిపిస్తే వేగం వస్తుంది, ఓపిక కరుగుతుంది. లోపలి దారిలో మలుపు తిరిగేటప్పుడు ఇంత వేగం మించకూడదని హద్దు ఉంటుంది. మించితే పాచికలకు మొక్కుకోవాల్సిందే. పక్క రథాన్ని గుద్దొచ్చు, పక్క సారథిని కొట్టొచ్చు.

ఒకసారి నా రథం తిరగబడింది. రోమన్ సారథులు పగ్గాల్ని నడుముకు చుట్టుకునేవాళ్ళు. ఒళ్ళంతా బరువు వేసి వెనక్కి వాలితేనే నాలుగు గుర్రాలు మాట వినేవి. అందుకే రథం బోల్తా పడితే గుర్రాలు సారథిని ఈడ్చుకుపోయేవి. పగ్గాలు కోసుకోవడానికి నడుము దగ్గర చిన్న కత్తి ఉండేది. ఆట ఈ సంగతిని వదల్లేదు. బల్ల మీద నా గుర్రాలు పరిగెడుతున్నాయి, వెనక నా సారథి ఇసుకలో ఈడ్చుకుపోతున్నాడు, నేను పాచికలు వేస్తున్నాను వాడు కత్తితో పగ్గాలు కోసుకోగలడా అని. గది మొత్తం నిశ్శబ్దం. పోటీలో ఉన్నవాళ్ళు కూడా ఆ పాచికల కోసం ఊపిరి బిగబట్టారు. వాడు బతికాడు. ఆ సాయంత్రం ఎవరు గెలిచారో నాకిప్పుడు గుర్తులేదు, ఆ పాచికల చప్పుడు మాత్రం గుర్తుంది.

పందేలన్నిటినీ కలిపి ఒక సీజన్‌లా ఆడే పద్ధతి కూడా ఇందులో ఉంది. గెలుపు సొమ్ము, పందెం కాసే డబ్బు, బతికి బయటపడ్డ కొద్దీ రాటుదేలే సారథి. ఇక్కడ నా ప్రశ్నకు జవాబు: వస్తుంది, బాగా వస్తుంది. చిక్కల్లా మనుషుల దగ్గరే. ఒక్క పందేనికి ఒక పూట పడుతుంది. అదే మనుషులు ఆరేడు వారాలు వరసగా రావాలి. ఒకరికి డ్యూటీ, ఒకరికి పెళ్ళి, ఒకరికి పిల్లల పరీక్షలు. మేము మొదలుపెట్టిన సీజన్ మూడో పందెం దాకా వచ్చి ఆగిపోయింది. ఆ కాగితాలు ఇంకా దాచుకున్నాను. పైగా పెట్టె దొరకడమే కష్టం. అవలాన్ హిల్ 1998లో హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ చేతికి వెళ్ళింది, నాకు తెలిసినవాళ్ళంతా వాడేది పాత పెట్టెలే.

ఇందులో రథం ఎంచుకోవడం దగ్గరే చాలామంది తడబడతారు. తేలిక, మధ్యరకం, బరువు అని మూడుంటాయి. నా మాట వినేవాళ్ళకు చెప్పేది: ఎంతమంది ఆడుతున్నారో చూసి ఎంచుకోండి. ముగ్గురు నలుగురైతే తేలిక రథం మేలు. దారి ఖాళీగా ఉంటుంది, గుద్దేవాడు మిమ్మల్ని అందుకోలేడు. ఏడెనిమిది మంది కూర్చుంటే మొదటి మలుపులోనే గుంపు కట్టేస్తారు, అప్పుడు తేలిక రథం నుజ్జవుతుంది. బరువుది తీసుకుని మధ్యలో నిలబడటమే దారి. చరిత్రలో అయితే ఈ బరువు రథానికి చోటు లేదు. అసలు పందెం రథాలు చెక్క, తోలు పట్టీలతో కట్టిన అతి తేలిక బండ్లు. ఆట రక్తి కట్టడానికి ఆ తేడా తెచ్చారు, నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు క్వాడ్రిగా. ఆ మాటకు నాలుగు గుర్రాల రథమని అర్థం. టర్నోపియా తయారుచేసింది, స్లిథరిన్ 2014లో విడుదల చేసింది. కంప్యూటర్లో ఆడొచ్చు, ఒక్కరే ఆడొచ్చు. చిన్న ఊరి మైదానంతో మొదలుపెట్టి, సామ్రాజ్యంలోని 40కి పైగా మైదానాల్లో తిరిగి, పేరు, డబ్బు కూడబెట్టుకుని చివరికి రోమ్ చేరాలి. సారథుల్ని పెట్టుకోవాలి, గుర్రాలు కొనాలి, రథాలు కొనాలి. పందెంలో ప్రతి అడుగుకూ ఒక్కొక్క ఆదేశం: గుర్రాల్ని కొట్టు, వేగం తగ్గించు, లోపలికి జరుగు, పక్కవాడిని అడ్డుకో. అందరి ఆదేశాలూ ఒక్కసారే జరుగుతాయి కాబట్టి పక్కవాడి మనసులో ఏముందో ఊహించాలి.

నా మొదటి జట్టు గురించి చెప్పాలి. ఉన్న డబ్బంతా పోసి పేరున్న సారథిని పెట్టుకున్నాను. గుర్రాలు ఏవి దొరికితే అవి. రెండు పందేలు గెలిచాం. మూడోదాంట్లో ఆఖరి చుట్టు, గుర్రాలు రొప్పుతున్నాయి, ముందు ఒక్క రథమే ఉంది. చూస్తే అందేలా ఉంది. కొట్టమన్నాను. మలుపులో పక్క రథం రాసుకుంది, నా రథం ముక్కలైంది, సారథి పోయాడు. రెండో స్థానం ఎలాగూ నాదే, నెమ్మదిగా పోతే ఆ డబ్బు చేతికొచ్చేది. ఇప్పుడు సారథి లేడు, రథం లేదు, మిగిలిన డబ్బుతో దొరికేది కొత్త కుర్రాడే. తర్వాత చాలా పందేలు ఆ ఒక్క "కొట్టు" బాకీ తీర్చుకుంటూ గడిపాను.

రెండో జట్టులో పద్ధతి మార్చాను. ముందు గుర్రాలు, తర్వాత రథం, ఆఖర్న సారథి. డయోక్లీస్ మూడు రంగులు మారాడు కదా, సారథి వస్తాడు, పోతాడు. స్కోర్పస్ అనే ఇంకో రోమన్ సారథి 2,048 పందేలు గెలిచి కూడా 27 ఏళ్ళకే పోయాడు. శాలలో నిలిచేది గుర్రమే. మంచి గుర్రాలుంటే కొత్త కుర్రాడు కూడా మూడో స్థానం తెస్తాడు, మూడో స్థానం డబ్బు మెల్లగా పోగవుతుంది, ఈలోపు కుర్రాడు పని నేర్చుకుంటాడు. గాయపడ్డవాణ్ణి కూర్చోబెట్టి ఇంకొకణ్ణి పంపే స్థోమత కూడా వస్తుంది. రెండో జట్టు మొదటిదాని కన్నా చాలా దూరం వెళ్ళింది.

ముందుండి తోలడమా, వెనక కాచుకోవడమా అన్న ప్రశ్నకు కూడా ఇక్కడ నాకు స్పష్టంగా జవాబు తేలింది. 815, 502, 67: ఆ శాసనం చెప్పినట్టే. ముందుంటే దుమ్ము, గుద్దులాట అన్నీ వెనకే ఉంటాయి. ముందు దొరక్కపోతే మూడో చోటో నాలుగో చోటో పట్టుకుని ఓపిక దాచుకుని, ఆఖరి అర చుట్టులో తీయాలి. ఒకసారి బాగా వెనకబడి మళ్ళీ అందుకుందామనుకుంటే అది ఎక్కువసార్లు జరిగే పని కాదు, డయోక్లీస్ అంతటివాడికే 67.

క్వాడ్రిగాలో లోపాలు లేకపోలేదు. బొమ్మలు సాదాసీదా. మధ్యలో ఒక దశ తర్వాత పందేలు ఒకేలా అనిపిస్తాయి. నాకు ఇంకో కోరిక ఉండిపోయింది. మన పల్లెల్లో కాడికి ఎడమవైపు కట్టేదాన్ని దాపటెద్దు, కుడివైపుదాన్ని వలపటెద్దు అంటారు. ఏ ఎద్దు ఏ పక్క నడుస్తుందో తెలియకుండా ఏ రైతూ కాడి కట్టడు. రోమన్ రథంలోనూ అంతే. నడిమి రెండూ కాడి కింద ఉండేవి, అటూ ఇటూ ఉన్న రెంటినీ తాళ్ళతోనే కట్టేవాళ్ళు. ఎడమ మలుపులో స్తంభాన్ని రాసుకుంటూ తిరగాల్సింది ఎడమ చివరి గుర్రం, అంటే దాపటి గుర్రం. అది బెదిరితే రథం మొత్తం పోయినట్టే. అందుకే జట్టులో మేలైన గుర్రాన్ని అక్కడ కట్టేవాళ్ళు. ఏ గుర్రాన్ని ఏ పక్క కట్టాలన్న ఆలోచననే కేంద్రం చేసుకున్న ఆట ఒకటి వస్తే, దాని కోసం నేను మిగతావన్నీ పక్కన పెడతాను.

ప్రస్తుతానికైతే నా ఓటు క్వాడ్రిగాకే. జట్టును నడపాలన్న కోరిక, దానికి కావలసిన ఓపిక ఉండి, తోడు ఆడేవాళ్ళు లేని మనిషికి ఇదే సరైనది. పోగొట్టుకున్న సారథి పేరు గుర్తుండిపోయే ఆట ఇది. ఇంట్లో పదేళ్ళ పిల్లలు, సెలవులకు వచ్చిన చుట్టాలు ఉంటే ఆవే సీజర్ కొనండి, ఇంకేం ఆలోచించొద్దు. వారం వారం కచ్చితంగా కలిసే అయిదారుగురు మీకుంటే మాత్రం ఎంత వెతికైనా సర్కస్ మాక్సిమస్ సంపాదించండి. ఆ అదృష్టం ఉన్నవాళ్ళకు మిగతా రెండూ అక్కర్లేదు. మా సీజన్ కాగితాలు మూడో పందెం దగ్గరే ఉన్నాయి. నా సారథికి ఒక దెబ్బ తగిలి ఉంది, గుర్రాలు బాగున్నాయి. నాలుగో పందేనికి ఈ సంక్రాంతికైనా అందర్నీ కూర్చోబెట్టాలని చూస్తున్నాను.