పోకెమాన్ గో: ఒక్కరే ఆడితే ఎంతవరకు?

అమెరికాలో విడుదలైన ఐదు నెలలకు, 2016 డిసెంబరులో, పోకెమాన్ గో మన దేశానికి అధికారికంగా వచ్చింది. ఫోను పట్టుకుని బయట నడుస్తూ, పోకెమాన్లనే ఊహా జీవులను తెర మీద పట్టుకునే ఆట ఇది. దాన్ని ఇప్పటికీ ఆడుతున్నానని చెబితే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: ఒక్కరే ఆడుకోవచ్చా, జట్టు ఉండాలా? నేను చాలావరకు ఒంటరిగా, హైదరాబాదులో ఉదయపు నడకలో ఆడతాను. నడకతో ముడిపడిన భాగమంతా ఒక్క మనిషికి చక్కగా సరిపోతుందనీ, జట్టు కావలసిన భాగం మాత్రం ఆ జట్టును కూడగట్టుకునే పనిని ఆడేవారికే వదిలేస్తుందనీ నా అభిప్రాయం.

ఆటలో దొరికే పోకెమాన్ గుడ్లు పొదగడానికి వాటి రకాన్ని బట్టి 2, 5, 7, 10, 12 కిలోమీటర్లు నడవాలి. ఇందుకు ఎవరి సాయమూ అక్కరలేదు. అడ్వెంచర్ సింక్ అనే సదుపాయం పెట్టుకుంటే ఫోను జేబులో ఉన్నా నడిచిన దూరం లెక్కకు వస్తుంది. ఆటకు కావలసిన వస్తువులు దొరికే నిజమైన చోట్లను పోకెస్టాపులంటారు. వాటిలో అనేకం, ఈ ఆటను రూపొందించిన నియాంటిక్ సంస్థ అంతకుముందు తయారు చేసిన ఇంగ్రెస్ ఆట కోసం దాన్ని ఆడినవారు సూచించిన విగ్రహాలు, గుళ్లు, గోడ చిత్రాలు. అందువల్ల టాంక్‌బండ్ వంటి చోట నడిచేటప్పుడు, ఏళ్ల తరబడి చూడకుండా దాటిపోయిన విగ్రహం ముందు ఆగి, అది ఎవరిదో చదివే అలవాటు నాకు ఏర్పడింది. పక్కన మాట్లాడే మనిషి ఉంటే ఈ అలవాటు కలిగేది కాదు. స్టాపు అందే దూరాన్ని 2020లో 40 మీటర్ల నుంచి 80 మీటర్లకు పెంచారు. 2021 ఆగస్టులో కొన్ని దేశాల్లో తిరిగి తగ్గించినప్పుడు ఆటగాళ్లు గట్టిగా నిరసించి, ఆ నెలలోనే ఆ నిర్ణయాన్ని మార్పించారు. ఒంటరిగా నడిచే ఆడవారికి, రద్దీ రోడ్డు దాటడం కష్టమైన పెద్దవారికి ఈ తేడా ఎంతో మేలు చేస్తుంది.

చిక్కంతా రెయిడ్లలో ఉంది. రెయిడ్ అంటే ఒక బలమైన పోకెమాన్‌తో అందరూ కలిసి చేసే పోరాటం, నక్షత్రాలు పెరిగేకొద్దీ అది కష్టమవుతుంది. 2017లో వచ్చిన ఈ సామూహిక పోరాటాల్లో ఒక నక్షత్రం రెయిడ్‌ను ఎవరైనా ఒంటరిగా గెలవగలరు, మూడు నక్షత్రాలదాన్ని మంచి పోకెమాన్లు పెంచుకున్నవారు గెలవగలరు; లెజెండరీలనే అరుదైన, బలమైన పోకెమాన్లు వచ్చే అయిదు నక్షత్రాల రెయిడ్ మాత్రం, ఇచ్చే 300 సెకన్లలో, చాలావరకు ఒక్కరివల్ల కాదు. ఒక రెయిడ్‌లో 20 మంది దాకా చేరవచ్చు. అయితే పక్క వీధిలో ఎవరు ఆడుతున్నారో తెలియజేసి, వారితో మాట కలిపే ఏర్పాటు ఆట లోపల లేదు. దానికి క్యాంప్‌ఫైర్ అనే వేరే యాప్ కావాలి, లేదా ఊరి వాట్సాప్ గ్రూపు దొరకాలి. పోరాటానికి ముందు అందరూ చేరే లాబీలో రెండు నిమిషాలు ఎదురుచూసి, ఎవరూ చేరకపోతే వెనుదిరగడమే కొత్తవారికి మిగిలే దారి.

2020 ఏప్రిల్‌లో వచ్చిన రిమోట్ రెయిడ్ పాసు ఈ లోటును కొంత తీర్చింది. ఇంట్లో కూర్చుని మరో దేశంలోని రెయిడ్‌లో చేరే వీలు, చుట్టుపక్కల ఆటగాళ్లు లేని చిన్న ఊళ్లవారికి పెద్ద వరం. 2023 ఏప్రిల్‌లో దాని ధరను 100 ఆట నాణేల నుంచి 195 నాణేలకు పెంచి, రోజుకు 5 రెయిడ్లకు మించకుండా అప్పట్లో పరిమితి విధించారు. జనాన్ని వీధిలోకి రప్పించాలన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ వీధిలోకి వచ్చినా తోడు దొరకనివారి మీదనే ఆ భారం పడింది కనుక, దాన్ని నేను సమర్థించలేను. జిమ్‌లనే పోరాట స్థావరాల్లో మన పోకెమాన్‌ను నిలిపి కాపాడి సంపాదించగల నాణేలు రోజుకు 50 మాత్రమే అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అదే ఏడాది అక్టోబరులో వచ్చిన పార్టీ ప్లే నాకు బాగా నచ్చింది. ఇద్దరు మొదలు నలుగురి వరకు పక్కపక్కన నడుస్తూ ఉమ్మడి లక్ష్యాలు పూర్తి చేస్తారు, రెయిడ్‌లో వారి దాడి బలం పెరుగుతుంది. భార్యాభర్తలకు, పిల్లలతో పార్కుకు వెళ్లే తల్లిదండ్రులకు ఇది సరైన ఏర్పాటు.

నాలాంటి ఒంటరి ఆటగాడికి అన్నిటికన్నా విలువైన సాంగత్యం మాత్రం 2018లో వచ్చిన స్నేహితుల జాబితాలో ఉంది. రోజుకొక గిఫ్ట్ ఇచ్చిపుచ్చుకుంటే 90 రోజులకు బెస్ట్ ఫ్రెండ్ స్థాయి వస్తుంది. ప్రతి గిఫ్ట్ మీద అది దొరికిన చోటి బొమ్మ, ఊరి పేరు ఉంటాయి. డల్లాస్‌లో ఉంటున్న మా అక్క కొడుకు పంపే గిఫ్ట్ తెరిచాకే నా నడక మొదలవుతుంది, ఆరోజు వాడు ఏ పార్కు మీదుగా వెళ్లాడో నాకు తెలుస్తుంది. పోకెమాన్లను ట్రేడ్ చేసుకోవాలంటే, అంటే ఒకరివి ఒకరికి మార్చుకోవాలంటే, మాత్రం సాధారణంగా ఇద్దరూ దగ్గరలోనే ఉండాలి. మామూలు వాటిని రోజుకు చాలానే మార్చుకోవచ్చు, అవి 100 కిలోమీటర్లకు మించిన ఎడంలో పట్టినవైతే, పోకెమాన్లను బలపరిచే క్యాండీలు మూడు వస్తాయి. లెజెండరీలు, వేరే రంగులో ఉండే అరుదైన షైనీలు సాధారణంగా రోజుకు ఒక్కటే. మొన్న సంక్రాంతికి వాడు పది రోజులు ఇక్కడ ఉన్నప్పుడు, ఇద్దరం ముందే పది చొప్పున ఎంచి పెట్టుకుని, రోజూ రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చుని ఒక్కొక్కటిగా మార్చుకున్నాం.