నట్‌లో పట్టేస్తున్న జీ స్ట్రింగ్: పెన్సిలా, ఆకురాయా, కొత్త నట్టా?

పాత ఎలక్ట్రిక్ గిటార్ శ్రుతి నిలవకపోతే ముందు తిట్లు తినేది స్ట్రింగ్‌లు బిగించే పెగ్గులు. నేనూ అదే చేశాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, శుభ్రంగా ఉన్న పెగ్గులు పీకించి కొత్తవి వేయించాను. జీ స్ట్రింగ్ తీరు మాత్రం మారలేదు. పెగ్ తిప్పుతుంటే క్లిప్ ట్యూనర్‌లో సూది కదలదు. ఇంకాస్త తిప్పగానే ‘టింగ్’మని శబ్దం, శ్రుతి ఒక్కసారిగా గీత దాటి పైకి పోతుంది. ఆ టింగ్ వచ్చేది నట్ గాడిలోంచి. నట్ అంటే మెడ పైచివర, స్ట్రింగ్‌లు ఆనుకుని వెళ్లే గాడులున్న చిన్న పట్టీ.

అనుమానం ఉంటే స్ట్రింగ్‌ని నొక్కి పక్కకి గట్టిగా లాగి (బెండ్ చేసి) వదలండి. శ్రుతి దిగిందా? ఇప్పుడు నట్ వెనక, హెడ్‌స్టాక్ (పెగ్గులుండే తల భాగం) వైపు ఉన్న స్ట్రింగ్ ముక్కని వేలితో ఓసారి నొక్కండి. శ్రుతి మళ్లీ పైకి లేస్తే దొంగ నట్టే. బెండ్‌లో ఇటు జారిన స్ట్రింగ్ తిరిగి వెనక్కి పోలేక గాడిలో ఆగిపోయిందన్నమాట. ట్రెమొలో బార్ (స్ట్రింగ్‌లన్నిటినీ ఒకేసారి వదులు చేసే మీట) కిందికి నొక్కి వదిలితే కథ తిరగబడుతుంది, శ్రుతి పెరిగి కూర్చుంటుంది.

అన్నిటికంటే ముందు చూడాల్సింది పెన్సిల్. 2బీ గానీ ఇంకా మెత్తనిది గానీ తీసుకుని, స్ట్రింగ్ వదులు చేసి పక్కకి జరిపి, గాడి జారుడుగా అయ్యేలా బాగా రుద్దాలి. స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్) రకం గిటార్‌కైతే హెడ్‌స్టాక్ మీద సన్నని స్ట్రింగ్‌లని నొక్కి పట్టే స్ట్రింగ్ ట్రీ కింద కూడా రాయండి, అక్కడా రాపిడి ఉంటుంది. పది రూపాయల పని. కానీ స్ట్రింగ్‌లు మార్చినప్పుడల్లా మళ్లీ రాయాలి, తెల్లటి నట్ నల్లబడుతుంది. పైగా గాడి ఇరుకైతే ఎంత రాసినా లాభం లేదు.

ఆ ఇరుకు ఎక్కడిదంటే, చాలాసార్లు మనం తెచ్చుకున్నదే. 9-42 సెట్‌కి కోసిన గాడుల్లో 10-46 వేస్తాం. ఆ అంకెలు సెట్‌లో అన్నిటికంటే సన్నని, లావు స్ట్రింగ్‌ల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. లావుపాటి ఈ (E) స్ట్రింగ్ నాలుగు వంతులు పెరుగుతుంది, జీ పెరిగేది ఒక్క వంతే. మరి తక్కువ పెరిగిన జీ ఎందుకు ఎక్కువ ఏడుస్తుంది? లెస్ పాల్ రకం గిటార్‌లో పెగ్గులు అటు మూడు ఇటు మూడు. డీ, జీ రెండూ నట్ దాటగానే బాగా పక్కకి వంగి వెళ్లాలి, హెడ్‌స్టాక్ కూడా వెనక్కి వాలి ఉంటుంది. కాబట్టి జీకి గాడి వెడల్పు కంటే వెనక అంచు ముఖ్యం. దాన్ని పెగ్ వైపు తిరిగేలా కాస్త గుండ్రం చేయాలి.

దీనికి నట్ ఫైళ్లు (సన్నని ఆకురాళ్లు) దొరుకుతాయి, ఖరీదెక్కువ. ఒక్క గిటార్ కోసమైతే, ఆ గాడి స్ట్రింగ్ కంటే సన్నని పాత స్ట్రింగ్ ముక్కకి సన్నరకం గరుకు కాగితం చుట్టి లాగినా పని జరుగుతుంది. గాడి అడుగు హెడ్‌స్టాక్ వైపు వాలుగా ఉండాలి, స్ట్రింగ్ ఆనాల్సింది ఫ్రెట్‌బోర్డ్ (వేళ్లతో నొక్కే పలక) వైపు అంచు మీదే. పక్కలు అరగదీయండి, అడుగు తగ్గించకండి. నేను బీ గాడిలో నాలుగు గీతలు ఎక్కువ గీశాను, ఓపెన్ స్ట్రింగ్ (ఎక్కడా నొక్కని స్ట్రింగ్) మొదటి ఫ్రెట్‌కి, అంటే అడ్డంగా ఉండే మొదటి లోహపు కమ్మీకి, తగిలి గరగరమంది. ఫెవిక్విక్, వంటసోడా కలిపి పూడ్చి మళ్లీ కోశాను, అదీ తాత్కాలికమే. మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ మీద స్ట్రింగ్ కింద కాగితమంత సందు ఉందో లేదో మధ్యమధ్య చూసుకుంటే నా గతి పట్టదు.

నట్ పగిలినా, గాడులన్నీ లోతైపోయినా కొత్తది తప్పదు. ఎముకది మోత బాగుంటుంది. సింథటిక్‌లో జారుడు గుణం కలిపి చేసినవీ ఉన్నాయి, బార్ వాడేవాళ్లకి అవే నయం. పాతది తీసేముందు చుట్టూ పాలిష్‌ని బ్లేడుతో గీయాలి, లేకపోతే పెచ్చులూడతాయి. ఒరిజినల్ నట్‌ని పారేయకుండా కేసులో పడేయండి, అమ్మేటప్పుడు అడుగుతారు.

రోలర్ నట్ (స్ట్రింగ్ చిన్న చక్రాల మీద జారేది), లాకింగ్ నట్ (స్ట్రింగ్‌ని బిగించి పట్టేది) అనేవాళ్లూ ఉంటారు. వాటికోసం చాలాసార్లు నెక్ చెక్క కోయాలి. పాత గిటార్‌కి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం, నేను ఒప్పుకోను.

నా గిటార్‌కి వెనక అంచు గుండ్రం చేయడం, పైన పెన్సిల్ పూత సరిపోయాయి. టింగ్ పోయింది. అన్యాయంగా పీకించిన పాత పెగ్గులు మాత్రం ఇంకా డ్రాయర్‌లోనే ఉన్నాయి.